సొంత మాటల్లో ఐదొందల పదాలు

మే 2, ఉదయం 6.10
ఇంటర్‌లో నాకు 986 మార్కులు. ఆలిండియా ఎంట్రన్స్‌లో మాత్రం వందకి నలభై ఒకటి. రెండూ రాసింది ఒకే కీర్తి అంటే నాకే నమ్మకం కుదరడం లేదు. మొదటిది స్టేషన్ ఘన్‌పూర్‌లో మా విత్తనాల దుకాణం మీద ఫ్లెక్సీగా వేలాడుతోంది. రెండోది ఇంట్లో ఎవరూ పలకరు.

అయినా దారి ఉంది. ఢిల్లీ దగ్గర ఒక యూనివర్సిటీ ఎంట్రన్స్ తక్కువైనా ఇంటర్ మార్కులు చూస్తుందట. ఒక వ్యాసం రాయాలి, ఇంటర్వ్యూ ఉంటుంది. వందమందిలో ఐదుగురికే సీటు. నాకు అక్కడ ఎకనామిక్స్ చదవాలని చాలా ఉంది. తప్పితే మళ్లీ హన్మకొండ కోచింగ్, అదే హాస్టల్, అదే సాంబారు.

ప్రతిజ్ఞ:
1. వ్యాసం నా సొంత మాటల్లోనే.
2. ఏదీ బట్టీ పట్టను.

మే 3
ప్రశ్న: 'మిమ్మల్ని నిద్రపోనివ్వని ప్రశ్న ఏది?'
మూడు గంటలు కూర్చున్నాను. నాలుగు పదాలు వచ్చాయి. అందులో రెండు నా పేరు, ఇంటిపేరు. రెండేళ్లుగా నన్ను నిద్రపోనివ్వనిది హాస్టల్ వార్డెన్ ఒక్కరే.

మే 5
ఎన్ని మార్కుల ప్రశ్నో ఎక్కడా వేయలేదు. అది తెలియకుండా ఎంత రాయాలి? తప్పు వాళ్లదే.

మే 7
మా కాలేజీ మ్యాథ్స్ లెక్చరర్ లక్ష్మీకాంత్ సార్‌కి ఫోన్ చేశాను.
"సార్, దీంట్ల ఇంపార్టెంట్ ఏమన్న ఉన్నదా?"
"ఎందుకుండదు బిడ్డా. పోయినేడు సీటొచ్చిన పిల్ల రాసింది నా దగ్గరున్నది. పంపిస్త, మూడు స్టార్లు పెట్టుకో."
చూడటం వేరు, కాపీ కొట్టడం వేరు.

మే 9
ఆ అమ్మాయి సముద్రం ఒడ్డున తాబేళ్లను కాపాడింది. మాకు సముద్రం లేదు. తీసేసి వాగు పెట్టాను. తాబేళ్లను ఉంచాను.

మే 11
పంపేశాను. ఐదొందల పదాల్లో నావి ఊరి పేరు, నా పేరు, వాగు. ఒకటో నియమం పోయింది. రెండోది భద్రంగా ఉంది.

మే 20
రెండోదీ పోయింది. ఇంటర్వ్యూలో తాబేళ్ల గురించి అడిగితే? ఇరవై ప్రశ్నలకు ఇరవై జవాబులు బట్టీ పట్టాను. అమ్మ కూరగాయలు తరుగుతూ అప్పజెప్పించుకుంది.
"నువ్వు తాబేళ్లనెప్పుడు కాపాడినవే?"
"జర ఊకో అమ్మా, పదమూడోది మర్చిపోత."

మే 24, ఉదయం 11.40
వీడియోలో ఇంటర్వ్యూ అయింది. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని తలుపు వెనక నిలబడ్డాడు. మేడమ్ తాబేళ్ల ఊసే ఎత్తలేదు. "మీ దుకాణంలో నువ్వు గమనించిన విషయం ఒకటి చెప్పు" అన్నారు.
"ఇది సిలబస్‌లో లేదు మేడమ్" అన్నాను.
ఆవిడ నవ్వారు. ల్యాప్‌టాప్ మూసేదాకా ఏడుపు ఆపుకున్నాను.

జూన్ 1
మెయిల్ వచ్చింది. వెయిటింగ్ లిస్టు. 'మీ మార్కులు చాలా బాగున్నాయి. మీరెవరో మాత్రం మాకు తెలియలేదు. వారంలోగా సొంత మాటల్లో రెండొందల పదాలు పంపండి.'
బాపుకి కోపం వచ్చింది. "986 అని సూసినంక గూడ ఎవరో తెల్వదంటరేంది?"
నాకు సిగ్గేసింది. వాళ్లు చెప్పింది నిజం.

జూన్ 3
పత్తి విత్తనాల సీజన్. దుకాణం ముందు పొద్దున్నే క్యూ. అందరూ ఒకే ప్యాకెట్ అడుగుతున్నారు. అంతే కాపు ఇచ్చే ఇంకో రకం పక్క అరలోనే దుమ్ము పట్టి ఉంది.
"బాపూ, అందరు గదే ఎందుకు అడుగుతరు?"
"పక్కోడు అడుగుతుండని."
"మరి పక్కోడెందుకు అడుగుతుండు?"
బాపు ప్యాకెట్ పట్టుకుని ఆగిపోయాడు. "ఇరవై ఏండ్లసంది అమ్ముతున్న బిడ్డా. నాకు గీ అనుమానమే రాలే."
మధ్యాహ్నం అన్నం తింటున్నా అదే ఆలోచన.

జూన్ 4, ఉదయం 6.00
మళ్లీ మొదటి రోజు. అవే రెండు నియమాలు, ఈసారి ఎర్ర పెన్నుతో.

7.15. ఆ ఒక్క ప్యాకెట్ కోసం క్యూ ఎందుకో అన్న ప్రశ్న మీద రెండొందల పదాలూ వచ్చేశాయి. ఒక్కటీ ఎవరి దగ్గర్నుంచీ తెచ్చుకోలేదు. అమ్మకి చదివి వినిపించాను. "గిది అచ్చం నువ్వు మాట్లాడినట్టే ఉన్నది" అంది. ఇంత సంతోషం 986 వచ్చినప్పుడు కూడా లేదు.

8.30. ఇంకా పంపలేదు. మళ్లీ ఇంటర్వ్యూ పెట్టి దీని మీద అడిగితే? మొదటి పేరా నోటికి వచ్చేసింది. మిగతాది రేపు బట్టీ పడతాను.