నన్నే సాహెబ్ తరఫు సాక్షి

20 సెప్టెంబర్ 1948, సోమవారం

కూర్చోలేను. ఒక పక్కకి తిరిగి పడుకుని రాస్తున్నాను. ఆడపిల్ల. బతికింది. నేనూ బతికాను. ఈ రెండూ జరుగుతాయని ఇంట్లో ఎవరూ అనుకోలేదట.

బుధవారం పొద్దున నొప్పులు మొదలయ్యాయి. కర్ఫ్యూ. సైన్యం ఎక్కడిదాకా వచ్చిందో బోయిగూడలో ఎవరికీ తెలియదు. ఆసుపత్రికి పోదామంటే టాంగా దొరకలేదు. మంత్రసాని బాలమ్మ వచ్చి, తల ఇరుక్కుందని, రెండు రోజులు నా పొట్టను మోచేతులతో నొక్కింది. మా అత్తగారు దేవమ్మ గారు పక్కన కూర్చుని కీర్తనలు పాడారు. నేను అరిచినప్పుడల్లా ఆమె గొంతు పెంచారు.

శుక్రవారం మధ్యాహ్నం బాలమ్మ చేతులు కడుక్కుని ఇక తన వల్ల కాదంది. నా భర్త జకర్యా గారు వరండాలో నిలబడి ఉన్నారు. ఇప్పుడు రోడ్డెక్కితే రజాకార్లు కాల్చేస్తారన్నారు. అబద్ధమేమీ కాదు. పక్కింటి దర్జీ నన్నే సాహెబ్ మాత్రం సైకిల్ తీశాడు. రెజిమెంటల్ బజార్ పోయి డాక్టర్ ఎమిలీని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె ఫోర్సెప్స్ వేసి లాగింది.

పిల్ల ఏడ్చిన కాసేపటికి వీధిలో కేకలు. నిజాం లొంగిపోయాడని రేడియోలో చెప్పారట. ఇల్లంతా బయటికి పరిగెత్తింది. లోపల నాకు కుట్లు పడుతున్నాయి.

24 సెప్టెంబర్

పిల్ల పాలు బాగా తాగుతోంది. పేరు దేవకృప. అత్తగారే పెట్టారు.

27 సెప్టెంబర్

తెల్లవారేసరికి పక్క తడిసి ఉంది. పిల్ల అనుకున్నాను. పిల్ల గుడ్డ పొడిగా ఉంది. లేచి నిలబడితే తొడల వెంట కారి పాదాల దగ్గర నిలిచింది. వస్తున్నట్టే తెలియలేదు. ఆపుదామంటే ఆగలేదు.

28 సెప్టెంబర్

ఆగలేదు.

3 అక్టోబర్, ఆదివారం

చర్చిలో పిల్ల కోసం కృతజ్ఞతా ప్రార్థన. వద్దన్నాను. అత్తగారు వినలేదు. చీర లోపల నాలుగు మడతల గుడ్డ పెట్టుకున్నాను. వాక్యం సగంలో ఉండగానే గుడ్డ నిండిపోయింది. నా పక్కన కూర్చునే మేబెల్, నాతోపాటు స్కూల్లో పాఠాలు చెప్పే మేబెల్, ముందు కర్చీఫ్ తీసింది, తర్వాత లేచి వెనక బెంచీకి పోయింది. ఎవరో కిటికీ తెరిచారు. పాట కోసం అందరూ లేచారు. నేనూ లేచాను. వెనక వరసలో ఒక పిల్ల, నా రెండో క్లాసు పిల్లే, టీచర్ ఒంటికి పోసుకుందని వాళ్ళ అమ్మతో చెప్పింది. మెల్లగానే చెప్పింది. పాట ఇంకా మొదలు కాలేదు.

పూర్తిగా కోలుకున్నాకే రమ్మని పెద్దలు ఆయనతో చెప్పి పంపారు.

5 అక్టోబర్

డాక్టర్ ఎమిలీ పరీక్ష చేసింది. బిడ్డ తల రెండు రోజులు ఒకే చోట నొక్కుకుని ఉండటం వల్ల మూత్రపు సంచికీ బిడ్డ వచ్చే దారికీ మధ్య కండ చచ్చిపోయి రాలిపోయిందట. రంధ్రం పడింది. చిటికెన వేలి కొన పట్టేంత. ఆపరేషన్ చేసి కుట్టాలి. కానీ కండ గట్టిపడటానికి మూడు నెలలు ఆగాలి. ఇప్పుడు కుడితే దారం నిలవదు.

ఇంకో పనీ చెప్పింది. కింది కండరాలను బిగించి, పది లెక్కపెట్టి, వదలాలి. రోజుకు యాభైసార్లు. రంధ్రానికి అది ఏమీ చేయదు. రేపు రంధ్రం మూసుకున్నాక జారిపోయిన మిగతా ఒళ్ళంతా దాని మీదే నిలబడాలి.

బుధవారమే వచ్చి ఉంటే ఇది జరిగేదా అని అడిగాను. ఆమె సంచీ సర్దుకుంది.

9 అక్టోబర్

ఆయన మంచం వరండాలోకి వెళ్ళింది. ఉక్కగా ఉందన్నారు. పిల్ల అత్తగారి గదిలోకి వెళ్ళింది. నా పాలలోనూ ఆ వాసన ఉందట. డబ్బా పాలు పడుతున్నారు. పిల్ల గోడవతల ఏడిస్తే నా జాకెట్ తడుస్తుంది. పైనా తడే, కిందా తడే.

బిగించాను. పది. వదిలాను.

14 అక్టోబర్

తొడలు ఒరుసుకుపోయి చర్మం లేచింది. నన్నే సాహెబ్ భార్య రసూల్ బీ వచ్చి చూసింది. ముక్కు మూసుకోలేదు. మా పెళ్ళయిన ఈ మూడేళ్ళలో ఆమె మా ఇంట్లోకి వచ్చింది లేదు, గోడ మీంచే మాటలు. కొట్లో మిగిలిన మెత్తటి గుడ్డలు తెచ్చింది. అంచులు గుచ్చుకోకుండా నన్నే సాహెబే మడిచి కుట్టాడట. ఎందుకో తెలిసే కుట్టాడు. కొబ్బరినూనె రాసి, తడిసినవన్నీ తీసుకుపోయి ఉతికి ఆరేసింది. రేపు మళ్ళీ వస్తానంది.

ఈ నెలలో నన్ను ముట్టుకున్న మొదటి మనిషి. డాక్టర్ని లెక్కవేయడం లేదు.

22 అక్టోబర్

నన్నే సాహెబ్‌ను మిలిటరీవాళ్ళు పట్టుకుపోయారు. కర్ఫ్యూలో సైకిల్ మీద తిరుగుతుంటే చూశామని, రజాకార్లకు కబుర్లు మోశాడని ఎవరో చెప్పారట. పదిహేడో తారీఖు, మధ్యాహ్నం.

పదిహేడో తారీఖు మధ్యాహ్నం.

23 అక్టోబర్

అతను ఎక్కడికి పోయాడో మనకు తెలుసు కదా, పోయి చెప్పండి అని ఆయనతో అన్నాను. తాను పనిచేసే రైల్వేలో ఉద్యోగాలు ఊడేవాళ్ళ లిస్టులు రోజూ తయారవుతున్నాయి, రజాకారు పక్షాన నోరు తెరిచినవాడి పేరూ అందులో చేరుతుందన్నారు. డాక్టర్ ఎమిలీ చెప్తుందిలే అన్నారు. డాక్టర్ ఎమిలీ సెలవు మీద మద్రాసు పోయింది, జనవరికి గానీ రాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

8 నవంబర్

రసూల్ బీ పొద్దున్నే వచ్చింది. గురువారం విచారణట. స్కూల్లోనే, మా స్కూల్లోనే, ఒక ఆఫీసరు కూర్చుంటాడట. ముద్దాయి తరఫున ఎవరైనా ఉంటే పేరు రాయించుకోవచ్చట. ఆమె నా కాళ్ళ దగ్గర కూర్చుని తడి గుడ్డ మారుస్తూనే అడిగింది.

"ఒక్క మాట చెప్తే చాలు టీచరమ్మా. నా కోసం డాక్టరమ్మను తేను పోయిండని. నీకు ఇంగ్లీషు వస్తది. నువ్ చెప్తే ఇంటరు."

నా పేరు రాయించమన్నాను.

అత్తగారు గుమ్మం అవతలి నుంచి విన్నారు. నలుగురు మగవాళ్ళ ముందు నిలబడి నా కాన్పు సంగతి చెప్పుకుంటానా, ఈ కంపుతోనా అని అడిగారు. పిల్లను ఎత్తుకుని ఉన్నారు. పిల్ల నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఏడు వారాల పిల్లకు ఏం తెలుస్తుంది. కానీ తిప్పుకుంది.

11 నవంబర్, గురువారం

రాయాలి. ఈ రోజే రాయకపోతే రేపటికి వేరే రకంగా గుర్తుంటుంది.

నిన్నటి నుంచి నీళ్ళు తాగలేదు. ఆరు మడతలు పెట్టుకున్నాను. పది గంటలకని చెప్పారు. నా క్లాసు రూములోనే. బ్లాక్‌బోర్డు ముందు టేబుల్, ఆఫీసరు, ఇద్దరు గుమాస్తాలు. పిల్లల బెంచీల మీద జనం. నా క్లాసు పిల్లల తండ్రులు ముగ్గురు ఉన్నారు. చర్చి పెద్ద ఒకాయన ఉన్నాడు. నేను గోడ వారగా కూర్చున్నాను. వరండాలో బురఖాల్లో ఆడవాళ్ళు.

పన్నెండు అయింది. ఒంటిగంట అయింది. వేరే కేసులు నడుస్తున్నాయి. నీళ్ళు తాగకపోతే తక్కువ వస్తుందనుకున్నాను. తక్కువ రాలేదు, వాసన ఎక్కువైంది. నా బెంచీ మీదున్న ఇద్దరూ లేచి వెళ్ళి నిలబడ్డారు. బిగించాను. దానివల్ల ఏమీ కాదని తెలిసి కూడా బిగించాను. రెండు గంటలకు ఆరు మడతలూ నిండాయి. చీర వెనక భాగమంతా తడిసి ఒంటికి అతుక్కుంది. ఆకుపచ్చ చీర. తడిస్తే నల్లగా కనిపిస్తుంది. బెంచీ కింద గచ్చు మీద మడుగు కట్టి, నా చెప్పుల కిందికి వచ్చింది.

మూడు గంటలకు నన్నే సాహెబ్‌ను తెచ్చారు. గడ్డం పెరిగింది. చేతులకు తాడు. గదంతా ఒకసారి చూశాడు. నన్ను చూశాడు. కింద గచ్చును చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

గుమాస్తా పిలిచాడు. డోరా జకర్యా.

ఎవరూ లేవలేదు.

డోరా జకర్యా.

నా పక్క వరసలో ఉన్న పిల్లల తండ్రి ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు. ఆయనకు నేను తెలుసు. నేను బోర్డు వైపు చూశాను. బోర్డు మీద నా చేతిరాతే, ఆగస్టులో రాసిన ఎక్కాలు, ఎవరూ తుడవలేదు.

డోరా జకర్యా, టీచరు.

గుమాస్తా ఏదో కొట్టేశాడు. ఆఫీసరు తలూపాడు. నన్నే సాహెబ్‌ను తీసుకుపోయారు. రెండు నిమిషాలు పట్టి ఉండదు.

అందరూ పోయేదాకా కూర్చునే ఉన్నాను. ఊడ్చే మనిషి వచ్చి లెమ్మంటే అప్పుడు లేచాను.

12 నవంబర్

రసూల్ బీ వచ్చింది. జ్వరం వచ్చి పోలేకపోయానని చెప్పాను. మంచిదని చెప్పి, ఉతికిన గుడ్డలు మంచం మీద పెట్టింది. లెక్కకు ఒక్కటీ తగ్గలేదు.

13 నవంబర్

రాలేదు.

19 నవంబర్

మౌలాలిలో ఉన్న తమ్ముడు పీర్ మహమ్మద్ దగ్గరికి వెళ్ళిపోయిందట. ఇంటికి తాళం. గుడ్డలు నేనే ఉతుక్కుంటున్నాను. వంగితే కింద నుంచి ఏదో జారినట్టుంటుంది.

25 డిసెంబర్

అందరూ చర్చికి పోయారు. బిగించాను. పది. వదిలాను. రెండు వందలసార్లు.

17 జనవరి 1949, సోమవారం

ఆపరేషన్ రేపు. ఆయన ఆసుపత్రి గేటు దాకా వచ్చారు.

25 జనవరి

బోర్లా పడుకోవాలి. పద్నాలుగు రోజులు. రబ్బరు గొట్టం, కింద సీసా. మూడో రోజు గొట్టం అడ్డుపడింది. పొట్ట రాయిలా అయింది. కుట్లు తెగుతాయని కేకలు పెట్టాను. అరిచినందుకే తెగుతాయని నర్సు తిట్టింది. తర్వాత ఉప్పునీళ్ళు పంపి తెరిచింది. దిండులో మొహం పెట్టుకుని ఉంటే గుమాస్తా గొంతు వినిపిస్తుంది. పగలే వినిపిస్తుంది.

1 ఫిబ్రవరి

గొట్టం తీశారు. పక్క గుడ్డ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. గంట. పొడి. గంటన్నర తర్వాత మూత్రం వస్తున్నట్టు తెలిసింది. తెలిసింది! నడిచి వెళ్ళాను. బిగిస్తే ఆగింది. వదిలితే వచ్చింది. ఇరవై మూడేళ్ళు నాకు ఉచితంగా జరిగిన పని ఇది.

డాక్టర్ ఎమిలీ చేతులు పట్టుకుని నవ్వాను. మూడు నెలలు బరువెత్తకూడదు, భర్త దగ్గరికి రాకూడదు, బిగించడం మానకూడదు.

6 ఫిబ్రవరి

ఇల్లు. అత్తగారు ముందు నా పక్క వాసన చూశారు, తర్వాత పిల్లను ఇచ్చారు. పిల్ల ఊరంతా వినేలా ఏడ్చింది. పాలు ఎప్పుడో ఇంకిపోయాయి. ఆయన మూడు నెలలంటే ఏ తారీఖు దాకానని అడిగారు.

10 ఫిబ్రవరి

విచారణ ఆఫీసుకు పోయాను. ఒక్కదాన్నే, ఉతికిన చీరలో. ఇంగ్లీషులో అంతా చెప్పాను. వినే గుమాస్తా వేరేవాడు. ఆ ఫైలు జైలుకు పోయిందని, రాసి ఇమ్మని అన్నాడు. రాసి ఇచ్చాను. వచ్చేటప్పుడు దారంతా పొడిగా ఉన్నాను.

7 మార్చి

స్కూల్లో చేరాను. మేబెల్ నా పక్కనే కూర్చుని భోజనం చేసింది.

11 మార్చి, శుక్రవారం

సాయంత్రం రసూల్ బీ వచ్చింది. మౌలాలి నుంచి నడిచి వచ్చింది. ఇంగ్లీషు కాగితం, జైలు నుంచి. పోస్టుమన్ ఇచ్చి పోయాడట, ఏముందో తెలియదు, చదవమంది. వాళ్ళ తమ్ముడికి ఇంగ్లీషు రాదు.

నన్నే సాహెబ్, నలభై ఒక్క ఏళ్ళు, దర్జీ. విచారణ పూర్తి కాకముందే ఫిబ్రవరి రెండున రక్త విరేచనాలతో చనిపోయాడు. ఖననం చేయడమైనది. వస్తువులు తీసుకుపోవచ్చు.

నేను ఆ వారం మంచం మీద పొడి గుడ్డ తడుముకుని నవ్వుతున్నాను.

తెలుగులో చెప్పాను. ఆమె ఏడవలేదు. కాగితం తీసుకుని మడిచింది. ఆ రోజు జ్వరం కాదని, నేను వచ్చానని చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు ఎర్కనే. నేన్ సుత ఆడనే ఉన్న. వరండాల, బురఖా ఏసుకోని. నీ పేరు మూడుసార్ల పిలిచిన్రు."

మడిచిన కాగితాన్ని ఆమె కొంగున ముడివేసుకుంది.

"నువ్ ఎందుకు లేవలేదో ఆయనకు సుత సమజైంది. అందుకే తల కిందికేసుకున్నడు. నిన్ను చూడొద్దని."

మరి మర్నాడు గుడ్డలెందుకు ఉతికి తెచ్చావని అడిగాను.

"నీ గుడ్డలు నా దగ్గర ఉండె గద."

వెళ్ళిపోయింది.

18 మార్చి

రసూల్ బీ వచ్చింది. కాగితం మళ్ళీ చదవమంది. చదివాను.

25 మార్చి, శుక్రవారం

వచ్చింది. అదే కాగితం. కుర్చీ లాక్కుని విప్పాను.

"నిలవడి సదువు, టీచరమ్మా."