రామప్ప బొటనవేలు

మంగళవారం

బోరు దగ్గర అందరిముందు తమ్ముడు మునెప్పను ఆటపట్టించాను. "పెండ్లాం కొట్టినా నీకు కోపం రాదు కదప్పా."

వాడు కొడవలి ఎత్తి నా మెడ మీదికి వేశాడు. నా కొడుకు రామప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. బొటనవేలు తెగి బురదలో పడింది. నెత్తురు నా మొహాన చిమ్మింది.

తెగిన వేలు గుడ్డలో చుట్టి తీసుకుపోతే, హోసూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆరు గంటలు కుట్టి అతికించింది.

"అంతసేపు వంగితే మెడ పట్టెయ్యలేదామ్మా?" అని అడిగాను.

"వంగలేదు తాతా. ఇంతకు ముందరైతే మైక్రోస్కోపులో కండ్లు పెట్టి వంగితే మెడ పట్టేసి చెయ్యి వణికేది. ఇప్పుడు మైక్రోస్కోపు బొమ్మ ఎదురుగా టీవీలో పడతాది, నిటారుగా కూచోని అది చూస్తా కుట్టినాను. వెంట్రుకంత నరం ఆడ తాడంత కనిపిస్తాది. పొద్దునకి వేలు ఎర్రబడితే నిలిచినట్టే."

"సీరియలు చూస్తా కుట్టినావన్నమాట" అన్నాను.

వార్డులో రామప్ప కండ్లు తెరిచాడు. "చిన్నాయన మీద కేసు పెట్టొద్దు నాయనా. బోరు కాడ నువ్వన్న మాట నేను విన్నాను."

వంగి వాడి చేతి కట్టు చూశాను. వేలు ఇంకా తెల్లగానే ఉంది.