రెండు పూటలా వెలుగొచ్చే కిటికీ

ప్రియమైన పిట్టకి,

ఊరు మారినదానివి, వెళ్ళగానే రెండు ముక్కలు రాయొద్దటే? ఫర్నిచర్ షాపులో ఉద్యోగం, మంచి జీతం అని మీ బావకి కబురు పంపావు. ఎక్కడ ఉంటున్నావో, ఏం తింటున్నావో మాత్రం చెప్పలేదు. నా దగ్గర షాపు అడ్రసు తప్ప ఇంకేం లేదు, దానికే రాస్తున్నాను.

మా సంగతి విను. ఇంటాయన కూతురూ అల్లుడూ తిరిగొచ్చేస్తున్నారట, వానలు మొదలయ్యేలోగా ఇల్లు ఖాళీ చేయాలన్నాడు. అప్పట్నుంచి నాకు రెండు ఉద్యోగాలు. పగలంతా పళ్ళ డాక్టరు గారి వెనక గదిలో కూర్చుని ఊళ్ళోవాళ్ళకి కట్టుడు పళ్ళు తయారుచేయడం, సాయంత్రం టులెట్ బోర్డుల కోసం తల పైకెత్తుకుని వీధులు తిరగడం. మెడ పట్టేసింది. నిన్న చూసిన ఇంట్లో వంటింటి తలుపు మూస్తే తప్ప స్నానాల గది తలుపు తెరుచుకోదు. మొన్న చూసిన ఇంటావిడ గోడకి మేకులు కొడతారా అని అడిగింది. క్యాలెండరుకి ఒక్కటి కొట్టుకుంటాం అన్నాను. క్యాలెండరెందుకమ్మా, తారీఖు కావాలంటే నన్నడగండి, చెప్తాను అంది.

బ్రోకరు ఒకడు దొరికాడు. ఏ ఇంటి ముందు ఆగినా "ఇది మీ కోసమే కట్టినట్టుంది మేడమ్" అంటాడు. మీ బావ ఆ మాటకి పడిపోతున్నారు, నేను వెనక్కి లాగుతున్నాను.

నీకు ఇల్లు దొరికి ఉండదులే. చెప్పులు కొనడానికి కూడా పక్కన నేనుండాలి నీకు. వానల్లోపు దొరక్కపోతే ఉద్యోగం గిద్యోగం మానిపించి తీసుకొచ్చేస్తాను. కోపం తెచ్చుకోకు, నీ మంచికే చెప్తున్నాను.

ఆశీస్సులతో,
అక్క

*

ప్రేమగల అక్కకి,

దొరికింది! చూసిన మొదటి ఇల్లే. బ్రోకరు లేడు, మెడనొప్పి లేదు. నీ ఉత్తరం చదువుతూ నా కిటికీ పక్కనే కూర్చుని నవ్వుకున్నాను.

కిటికీ అన్నాను కదా, దాని గురించి చెప్పాలి. పెద్దది. లేత పచ్చ తెర. బయట చెట్టు. పొద్దున్నా అదే వెలుగు, సాయంత్రమూ అదే వెలుగు. ఎండ అని అననక్కర్లేదు, మొహం మాడ్చదు, మెత్తగా ఉంటుంది. చెట్టుంది కదా అని ఆకులూడ్చే పని కూడా లేదక్కా, ఒక్క ఆకైనా లోపల పడదు. కిటికీ పక్కన వీపు ఎత్తుగా ఉన్న పేము కుర్చీ. ఇంటితోపాటే ఇచ్చారు. అందులో కూర్చుంటే లేవబుద్ధి కాదు.

ఇరుగుపొరుగు గొడవ లేదు. గోడ అవతల ఎవరున్నారో కూడా తెలియదు. కాబట్టి నన్ను తీసుకెళ్ళే పని పెట్టుకోకు. ఉత్తరాలు మాత్రం షాపుకే రాయి, పోస్టుమ్యానుకి మా సందు ఇంకా అలవాటు కాలేదు.

బావని అడిగానని చెప్పు.

ఇట్లు,
ఇంటిదైన నీ పిట్ట

*

పిట్టకి,

చాలా సంతోషం. ఈ మాట రాయడానికి మూడు కాగితాలు చింపాను. ఒకదాంట్లో సంతోషం కనపడలేదు, ఇంకోదాంట్లో మరీ ఎక్కువైంది.

నిజం చెప్పనా? కళ్ళు కుట్టాయి నాకు. నీ ఉత్తరం చదివి మీ బావ "పోన్లే, పిల్ల సుఖపడుతోంది" అన్నారు. సుఖపడాల్సిందే, కాదనను. కానీ మొదటి ఇల్లేమిటే? నేను కాళ్ళరిగేలా తిరుగుతుంటే ఇక్కడ ఏ ఇంటికీ ఓ మోస్తరు గాలైనా రావడం లేదు, నీకేమో ఆకులు రాల్చని చెట్టు! మా వాకిట్లో ఉన్న చెట్టు కింద పొద్దున్న ఊడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ మొదలు. చీపురు పట్టుకున్నప్పుడల్లా నువ్వే గుర్తొస్తున్నావు, అదీ ప్రేమగా కాదు.

ఇదివరకు ఇల్లు చూడ్డానికి వెళ్తే కుళాయి తిప్పి చూసేదాన్ని, గోడ తట్టి చూసేదాన్ని. ఇప్పుడు నేరుగా కిటికీ దగ్గరికి పోతున్నాను. నీ దానికంటే చిన్నగా ఉంటే అక్కడే మనసు విరిగిపోతోంది. మొన్న ఒకటి చూశాం, అన్నీ బాగున్నాయి, కిటికీ ఎదురుగా పక్కింటి గోడ. వద్దన్నాను. మీ బావ నాకంటే ముందే మెట్లు దిగిపోయారు.

ఆ కుర్చీ వీపు ఎంత ఎత్తుంటుంది? ఊరికే అడుగుతున్నాను.

అక్క

*

అక్కా,

కుర్చీ వీపు నా తల దాటి ఉంటుంది. వెనక్కి వాలి కళ్ళు మూసుకోవచ్చు. అడిగావు కాబట్టి చెప్తున్నాను, గొప్పకి కాదు.

ఇంకా అడగలేదు గానీ చెప్తాను. గోడకి అలమర ఉంది, నిండా పుస్తకాలు, రంగుల వరసలో సర్దినవి. దుమ్ము ఉండదు, రోజూ తుడుస్తాను. మంచం మీద దుప్పటి ఒక్క ముడతైనా లేకుండా పరుస్తాను. ఇక్కడికొచ్చిన వాళ్ళందరూ ఒకటే మాట, ఇలాంటి ఇంట్లో ఉండాలి అని. ఆ మాట విన్నప్పుడు ఎలా ఉంటుందో చెప్పలేను.

నువ్వు కళ్ళు కుట్టాయని రాసిన కాగితం నా దగ్గరే పెట్టుకున్నాను. పదిసార్లు చదివాను. కోపం రాలేదక్కా, తప్పుగా అనుకోకు.

నీ ఇల్లు నీకూ దొరుకుతుంది. అన్నీ నా ఇంట్లో ఉన్నట్టే ఉండాలని చూడకు.

నీ పిట్ట

*

పిట్టకి,

నీ పుణ్యమా అని బంగారం లాంటి ఇల్లు పోగొట్టుకున్నాను.

పని చేసే చోటికి నాలుగడుగులు. పెద్ద వంటిల్లు. ఇంటావిడ మేకుల గురించి ఒక్క మాట అడగలేదు. పొద్దున్న వెళ్ళి చూస్తే గదంతా వెలుగు. నాకు పాడు బుద్ధి పుట్టి, సాయంత్రం కూడా చూసి చెప్తానన్నాను. సాయంత్రానికి గది మసకబారింది. పిట్ట ఇంట్లో ఈ వేళప్పుడు కూడా వెలుగుంటుంది, నాకెందుకు ఈ చీకటి కొంప అని వద్దనేశాను.

బ్రోకరు బండి స్టాండు వేసి కిందకి దిగాడు. "మేడమ్, సూర్యుడు ఒక్కడే. రెండు పూటలా ఒకే కిటికీలోంచి రావాలంటే మధ్యాహ్నం మనమంతా కలిసి ఇల్లు తిప్పాలి" అన్నాడు. ఒళ్ళు మండింది. మా చెల్లెలి ఇంట్లో వస్తోంది కదా అన్నాను. "అయితే ఆవిడ ఇల్లే అద్దెకి తీసుకోండి" అని వెళ్ళిపోయాడు. మర్నాడు ఒప్పుకుందామని పరిగెత్తాను. అప్పటికే ఎవరో కొత్త జంట సామాన్లు దించుకుంటున్నారు. వాళ్ళ పరుపు నా కళ్ళ ముందే ఆ గదిలోకి పోయింది.

మీ బావ ఇప్పుడు సామాను కట్టే అట్టపెట్టెలతో మాట్లాడుతున్నారు, నాతో కాదు. మబ్బులు కమ్ముకొస్తున్నాయి. ఇంటాయన రోజూ గేటు దగ్గర నిలబడి ఆకాశం చూసి, ఆ తర్వాత నన్ను చూస్తున్నాడు.

చిన్నప్పట్నుంచీ నాకన్నీ ముందు, నీకన్నీ తర్వాత. అదే న్యాయం అనుకుని పెరిగాను కాబోలు. నా గౌను పొట్టయితే నీకు కొత్తది. నేను చదివిన పుస్తకానికే నీకు అట్ట వేసేవాళ్ళు. ఇప్పుడు నువ్వు ముందు కూర్చుని నేను వెనక నిలబడేసరికి ఊపిరాడటం లేదు. సిగ్గుగానే ఉంది. అయినా ఆ కిటికీ నా కళ్ళతో చూస్తే తప్ప నాకు నిద్ర పట్టదు. వచ్చే ఆదివారం బయల్దేరుతున్నాను.

అసలు నీ కిటికీ ఏ దిక్కుకి ఉందే?

అక్క

*

అక్కా,

ఆదివారం రావద్దు. ఇంట్లో రంగులు వేస్తున్నారు, వాసనకి నీ తలనొప్పి తిరగబెడుతుంది. పై ఆదివారం షాపులో సెలవివ్వరు. ఆ తర్వాత చూద్దాం.

నా ఇంటిని వదిలెయ్. దిక్కులు నాకేం తెలుస్తాయి? బ్రోకరుతో రాజీపడు. ఈసారి చూపించింది ఏదైనా సరే తీసేసుకో. కుళాయి కారితే కారనీ, గోడకి చెమ్మ ఉంటే ఉండనీ. నీకు దండం పెడతాను, వానలో సామాను పెట్టుకుని రోడ్డు మీద నిలబడకు. నా వల్ల నిలబడకు.

నీ పిట్ట

*

నా పిట్టకి,

రావద్దన్నావు, వచ్చాను. నీ మాట నేనెప్పుడు విన్నాను గనక?

నీ ఉత్తరం చివర్లో "నా వల్ల" అని రాశావు. అక్కడ నాకు అనుమానం వచ్చింది. తప్పు చేసినప్పుడు తప్ప నువ్వలా బతిమాలవు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. నా దగ్గరున్నది షాపు అడ్రసే కాబట్టి షాపుకే వచ్చాను.

తలుపు తీయగానే ఎడమ పక్కన నీ ఇల్లుంది. గోడలు మూడే. నాలుగో గోడ ఉండాల్సిన చోట జనం నిలబడి చూస్తున్నారు. పచ్చ తెర, పేము కుర్చీ, రంగుల వరసలో అట్టలే తప్ప కాగితం లేని పుస్తకాలు. కిటికీ అద్దం వెనక చెట్టు బొమ్మ, బొమ్మ వెనక ట్యూబులైటు. ఒక్క ఆకైనా ఎలా రాలుతుందే!

నవ్వొచ్చింది. పిలవబోయాను. అప్పుడే నువ్వు ఒక జంటని వెంటపెట్టుకుని వచ్చావు. నేను బీరువా వెనక్కి తప్పుకున్నాను. "ఈ కుర్చీలో కూర్చుంటే లేవబుద్ధి కాదండీ, నాకు తెలుసు" అని వాళ్ళకి చెప్తున్నావు. ఆ అమ్మాయి నిన్ను దాటుకుంటూ వెళ్ళి అందులో చతికిలబడింది. నువ్వు చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డావు. ఇన్నాళ్ళూ ఆ కుర్చీ నీకుందని నీ మీద కుళ్ళుకున్నదాన్ని, మా పిట్ట కుర్చీలో ఈవిడెవరు కూర్చోవడానికని ఆ అమ్మాయి మీద కుళ్ళుకున్నాను. లేచి వెళ్ళేదాకా చూస్తూనే ఉన్నాను. వాళ్ళు వెళ్ళాక నువ్వు దుప్పటి మీద ముడత సరిచేసి, ఎవరూ చూడటం లేదనుకుని కుర్చీ చేతి మీద ఒకసారి చెయ్యి వేసి తీసేశావు. కూర్చోలేదు. అప్పుడిక పిలవలేకపోయాను.

బయట కాపలా ఉండే పెద్దాయన్ని అడిగితే అమ్మాయిల హాస్టలు చూపించాడు. ఒక్క గదిలో ఎన్ని మంచాలో కిటికీలోంచి లెక్కపెట్టబోయి మానేశాను.

నా బుద్ధిని ఏమనాలో తెలియడం లేదు. రోజూ నేను చేసే పనేమిటి? కట్టుడు పళ్ళు నోట్లో సొంతవిలా కనపడాలని ఒక పన్ను కాస్త పక్కకి తిప్పుతాను, ఒకదాని అంచు కాస్త అరగదీస్తాను. మరీ వరసగా, మరీ తెల్లగా ఉంటే అవి కట్టుడువని దారిన పోయేవాళ్ళకి కూడా తెలిసిపోతుంది. నువ్వు రాసిన ఇంట్లో ఒక్క మచ్చ లేదు. కారే కుళాయి లేదు, తగువులాడే పక్కింటివాళ్ళు లేరు, చీకటి పడటం కూడా లేదు. పన్నయితే పట్టేసేదాన్ని. ఇల్లు, అందులోనూ నీ ఇల్లు అయ్యేసరికి కుళ్ళు కళ్ళకడ్డం పడింది.

దొరక్కపోతే తీసుకొచ్చేస్తానని బెదిరించింది నేను. నీకేం దొరుకుతుందని ఎగతాళి చేసింది నేను. ఎన్నాళ్ళకో నా దగ్గర లేనిదేదో నీ దగ్గరుందని అక్క ఏడిస్తే, ఆ ఉత్తరం పదిసార్లు చదవకుండా ఎలా ఉంటావు? నేనైతే ఇరవైసార్లు చదివేదాన్ని.

తిరిగొస్తూనే బ్రోకరు దగ్గరికి వెళ్ళి, కిటికీ సంగతి ఎత్తను, ఏదో ఒకటి చూపించు నాయనా అన్నాను. చూపించాడు, తీసుకున్నాం. వంటింటి కుళాయి ఈల వేస్తుంది. వీధి తలుపుకి భుజం ఆనిస్తే గానీ మూసుకోదు. మేడ మీద ఎవరో సంగీతం నేర్చుకుంటున్నారు, ఇంకా చాలా నేర్చుకోవాలి. ముందు గదిలో కిటికీ ఉంది. పొద్దున్న ఎండ నేల మీద చాప పరిచినట్టు పడుతుంది, మధ్యాహ్నానికి గోడెక్కుతుంది, సాయంత్రం అయిదు దాటితే పోతుంది. మెల్లగా చీకటి పడుతుంది, లైటు మనమే వేసుకోవాలి. అట్టపెట్టెలు దించుతుంటే మొదటి వాన మొదలైంది. మీ బావ నాతో మాట్లాడారు. "తడుస్తున్నావు, లోపలికి రా" అన్నారు.

నిన్ను తీసుకొచ్చేయను. నీ ఉద్యోగం నీది. కానీ ఈసారి ఆ ఊళ్ళో నీ ఇల్లు ఇద్దరం కలిసి వెతుకుదాం. ఎన్నాళ్ళు పట్టినా పట్టనీ, ఆదివారం ఆదివారం వస్తాను. నువ్వు కిటికీలు చూడు, నేను మచ్చలు చూస్తాను. ఒక్క మచ్చ కూడా కనపడకపోతే ఆ ఇంట్లో అడుగు పెట్టొద్దు.

నీ
అక్క

*

అక్కా,

బీరువా వెనక నిలబడ్డావా? ఆ బీరువా తలుపు సరిగా పడదు, అదే రోజు మేనేజరుకి చెప్పాను. చేయి పట్టి లాగి ఒక్క దెబ్బ వేసినా బాగుండేది. నువ్వు అంత దగ్గర్లో ఉన్నావని తెలియకుండా నేను ఎవరికో కుర్చీ అమ్ముతున్నాను!

హాస్టల్లో నాది పై మంచం. లేస్తే పైకప్పు తగులుతుంది. కింద మంచం అమ్మాయి నిద్రలో పోట్లాడుతుంది, ఎవరితోనో తెలియదు. ఇవి నిజం. ఇకమీదట మచ్చలతో సహా రాస్తాను. వచ్చే ఆదివారం సెలవడిగాను, ఇచ్చారు. ఏ బస్సుకి వస్తావో రాయి, నేనే ఎదురొస్తాను. షాపు వెనక సందులో ఒక టులెట్ బోర్డు చూశాను. మెట్లు వంకరగా ఉన్నాయి, నీకు నచ్చుతుంది.

ఒక్క సంగతి చెప్పి ఆపేస్తాను. పొద్దుటినుంచి రాత్రి షాపు మూసేదాకా నేను ఆ ట్యూబులైటు ఎదురుగానే నిలబడతాను. బయటికొచ్చేసరికి ఎప్పుడో చీకటిపడి ఉంటుంది, పడటం మాత్రం చూసి ఎన్ని నెలలయిందో. నీ కిటికీలో ఎండ గోడెక్కుతుందని, అయిదు దాటితే మెల్లగా చీకటి పడుతుందని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. మళ్ళీ నీకే ముందు దొరికింది.

నాకు కళ్ళు కుట్టాయక్కా. ఈ కాగితం దాచుకో.

నీ పిట్ట