అన్నయ్య సంతకం పెట్టని పాలసీ

హారిస్‌డేల్, పెర్త్,
ఆదివారం

వదినకు నమస్కారాలు.

ఫోన్‌లో చెప్పడానికి నోరు రాక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆరేళ్ల క్రితం గిరావీన్‌లో మీ ఇంట్లో, మనిషి మంచాన పడితే చూసుకునేవాళ్ల ఖర్చు భరించే పాలసీ కాగితాలు అన్నయ్య ముందున్నాయి. "తీసుకుందామండీ, రేపు మన అమ్మాయి లిఖిత మీద భారం పడకూడదు" అన్నారు మీరు. నేనే నవ్వి, "తమ్ముణ్ణి నేనుండగా నీకు ఇన్సూరెన్స్ ఎందుకు అన్నయ్యా?" అన్నాను. అన్నయ్య మొహం వెలిగిపోయింది. కాగితాలు పక్కన పెట్టేశాడు. మీరు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మార్చిలో అన్నయ్యకు పక్షవాతం వచ్చినప్పుడు నెలరోజులు ఉంటానని వచ్చి, తొమ్మిదో రోజే తిరిగి పెర్త్ వచ్చేశాను. ఆఫీసువాళ్లు రమ్మన్నారని చెప్పాను. ఎవరూ రమ్మనలేదు వదినా. నేను స్నానం చేయిస్తుంటే అన్నయ్య సిగ్గుతో గోడవైపు తిరిగేవాడు. అది చూడలేక పారిపోయాను. "బాబాయ్, నాన్నను ఎత్తీ ఎత్తీ అమ్మ బ్యాక్ పోయింది" అని లిఖిత ఫోన్‌లో ఏడ్చేదాకా మీ గురించి ఆలోచించనే లేదు.

మొన్న మీరు "మీ అన్నయ్యను కేర్ హోమ్‌లో చేర్చమంటావా?" అని అడిగితే, "మనవాళ్లు ఏమనుకుంటారు వదినా!" అన్నాను. ఆ మాట అనాల్సింది కాదు. ఇకమీదట నన్ను అడగకండి. మీకేది మంచిదనిపిస్తే అది చేయండి.

హోమ్ సంగతి అన్నయ్యకు మాత్రం మీరు చెప్పొద్దు. శుక్రవారం వస్తున్నాను. పక్కన కూర్చుని నేనే చెబుతాను. కోప్పడితే నామీదే కోప్పడనివ్వండి.

మీ మరిది