సీసాలో గులాబీ, గోడమీద వంకాయ

కాడుగోడి

చి. హర్షితకు పెద్దనాయన గోపాలప్ప ఆశీస్సులు.

ఈ ట్రాఫిక్‌లో నేను కాడుగోడి నుంచి మడివాళ చేరేలోపు ఉత్తరమే ముందు చేరుతుందని రాస్తున్నాను. మీ ల్యాబ్‌లో నువ్విచ్చిన గులాబీ రంగు నీళ్ల సీసా చూసి మీ పెద్దమ్మ, "ఈ రంగు మనింట్లో ఉంటే ఎంత బాగుంటాదో" అనింది కదా. ఇన్నేళ్ల కాపురంలో ఆమె నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. అందుకే సీసా మొత్తం అరుగు గోడకు పూత మీద పూతగా పూసేశాను. ఆరితే వంకాయ రంగు తేలింది. అప్పటినుంచి ఆమె నాతో మాట్లాడటం లేదు. నాకు దిగులుగా ఉంది. ఏం రంగు ఇచ్చినావమ్మా?

ఇట్లు,
గోపాలప్ప

తా.క. కాఫీ వస్తోంది. అందులో చక్కెర రావడం లేదు.

మడివాళ

పెద్దనాయనకు హర్షిత నమస్కారాలు.

రంగు మంచిదే. నీళ్లలో రంగు కణాలు దూరదూరంగా ఉంటాయి. దేనికది వెలుగును మింగి, కొంత మెరుపుగా తిరిగిస్తుంది. ఆరితే అన్నీ అతుక్కుంటాయి. అప్పుడు మింగే వెలుగూ మారుతుంది, మెరుపూ పోతుంది. పూత మందమైతే మరీను.

మీ
హర్షిత

తా.క. ఇది మా పీహెచ్‌డీ గైడ్‌కు చెప్పి ఒప్పించడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

కాడుగోడి

చి. హర్షితకు ఆశీస్సులు.

నాకు వెంటనే అర్థమైంది. ఆరకూడదు, అంతే కదా. గోడ మీద చిల్లుల పైపు కట్టి పగలంతా నీళ్లు వదులుతున్నాను. నీళ్ల ట్యాంకర్ వాళ్లు ఇప్పుడు మనింటి మనుషులే. అయితే రంగు గోడ దిగి, ఎదురింటి మంజునాథ్ తెల్లకుక్కకు అంటుకుంది. అది మాత్రం అచ్చం సీసా రంగులో ఉంది. ఎత్తుకొచ్చి మీ పెద్దమ్మకు చూపించాను. ఆమె లోపలికి పోయి తలుపేసుకుంది.

ఇట్లు,
గోపాలప్ప

తా.క. కుక్క ఆరినా రంగు మారలేదు. నీ చదువులో ఇది రాసుకో.

మడివాళ

పెద్దనాయనకు నమస్కారాలు.

నిజంగా రాసుకున్నాను. కుక్క వెంట్రుకల్లో కణాలు విడివిడిగా చిక్కుకున్నాయి, అందుకే ఆరినా అతుక్కోలేదు. గోడకూ అలాంటి పట్టు కావాలి. నీళ్లు ఆపండి. గోడ కడిగి, చిక్కటి గంజిలో ఒక్క చిటికెడు రంగు కలపండి. రంగు పొడి పంపుతున్నాను. కేకుల్లో వేసేదే, భయం లేదు. ముందు గాజు ముక్క మీద పూసి చూడండి.

మీ
హర్షిత

తా.క. మంజునాథ్ గారికి నా పేరు చెప్పకండి.

కాడుగోడి

చి. హర్షితకు పెద్దమ్మ అనసూయ దీవెనలు.

మీ పెద్దనాయన సిగ్గుపడి రాయనంటే నేను రాస్తున్నాను. గాజు ముక్క సంగతి ఆయన చదవనే లేదు. గంజి నేరుగా గోడకే పూశారు. రంగు సీసాలో ఉన్నట్టే వచ్చింది. చూపిద్దామని నన్ను చెయ్యి పట్టి బయటికి తెచ్చేసరికి వెనక వీధి ఓబులేష్ ఆవులు గోడ నాకుతున్నాయి. చూస్తుండగానే సగం గోడ తెల్లబడింది. ఆయన అరుగు మీద కూలబడి, "నువ్వు అడిగింది ఒకటే, అదీ ఇయ్యలేకపోతిని" అన్నారు.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నేను గోడ ఎక్కడ అడిగానమ్మా? నాకు కావలసింది ఆ సీసా. వంటింటి కిటికీలో పెట్టుకుంటే పొద్దున్నే ఎండ పడి మెరుస్తుందనుకున్నాను. నేను స్నానానికి పోయి వచ్చేలోపు దాన్ని గోడకు వంపేశారు. నా కోపం అందుకు. రంగు మారినందుకు కాదు.

ఇంకో సీసా పంపు. మూత గట్టిగా బిగించి, నా పేరుమీద పంపు.

ఇట్లు,
అనసూయ

తా.క. కాఫీలో చక్కెర వేస్తున్నాను. గోడకు రెండోవైపు ఎప్పుడు పూస్తారని ఓబులేష్ అడిగి పోయాడు.