ఖుర్దాద్ ఒకటో తారీఖు జాతకం

ఇబ్రహీంపట్నం,
అమర్దాద్ నెల, 1354 ఫసలీ.

మహారాజశ్రీ సీతాబాయి తండ్రిగారికి, ఇంటికాడి నుంచి మీ భార్య దండం పెట్టి రాసుకునేది.

ఇక్కడ అందరం బాగున్నమని రాయాలె గద, రాస్తున్న. అత్త బాగున్నది. బర్రెలు బాగున్నయి. సీత బాగున్నట్టు కనవడుతున్నది. నేను మాత్రం బాగ లేను. జెరం గాదు, కోపం. మీ ఉత్తరం అందిన కాడి సంది ఏ గిన్నె పట్టుకున్నా సప్పుడు చెయ్యకుంట కింద పెట్టలేకపోతున్న. మీరు నాందేడుల క్షేమంగ ఉన్నరని తలుస్తున్న.

ముందుగాల మీరు అడిగినయి చెప్త, మర్సిపోతె మల్ల అదొక మాట పడాలె. అత్త మోకాళ్లు అట్లనే ఉన్నయి. దవాఖానకు పోదామంటె ఆముదం సాలు అంటది. చెరువుల నీళ్లు ఏపాటి ఉన్నయని అడిగిన్రు. తూము కాడ బురద తప్ప ఏం లేదు, పిల్లలు ఆడ పీతలు పడుతున్నరు. మిరుగం వాన ఒక్కటి పడ్డది. మన జీతగాడు ఎంకయ్య మెట్టచేన్ల జొన్న ఏసిండు. ఇంకో వాన పడ్తదా పడదా అని వాడు జాతకాలు చెప్పే ఏ జోషినీ అడుగలేదు. పదును చూసిండు, ఏసిండు.

ఇగ మీ ఉత్తరం సంగతికి వస్త.

మీ ఉత్తరాలు ఈ ఇంట్ల ఎవరు చదువుతరో మీకు తెల్వదా? అత్తకు కండ్లు ఆనవు. నేను చదివితె "నువ్వు నడుమ నడుమ మింగుతవ్" అంటది. అందుకె చిన్నప్పటి సంది సీతనే చదువుతది. ఆ పొద్దు కూడ గడప మీద కూసొని అందరికి వినవడేటట్టు చదివింది. మీ పై అఫ్సరు బదిలీ అయిన ముచ్చట, అక్కడి ఎండలు, అన్ని చదివింది. "సీత మెడికల్ కాలేజీ సంగతి బాగ ఆలోచించిన, దానికి సీటు దొరుకుడు కల్ల" అన్నది కూడ అదే గొంతుతోని చదివింది. నేను "సాలు, ఇటు తే" అన్న. "ఉండమ్మా, అయిపోనియ్యి" అన్నది. కడదాక చదివి, కాయితం మడిచి, నాయనమ్మ చేతిల పెట్టి, బిందె తీసుకొని బాయికాడికి పోయింది. ఇంట్ల గోళెం నిండుగనే ఉండె.

తండ్రి అన్నోడు బిడ్డకు సీటు రాదన్న మాట బిడ్డ నోటితోనే చదివిపిస్తడా? మతి ఉండే రాసినవా? చూసిన్రా, కోపంల 'నువ్వు' అని పడ్డది. కొట్టెయ్య. ఉండనియ్యుండ్రి.

మీరు చెప్పిన కారణాలకు జవాబు రాస్తున్న. ఆడపిల్లలకు ఉన్న సీట్లు వేళ్ల మీద లెక్కవెట్టేటన్ని అన్నరు. అవ్, నిజమే. పట్నంల పెద్ద పెద్ద అఫ్సర్ల బిడ్డలు వరుసల ముందట ఉంటరు అన్నరు. ఉంటరు. మన దిక్కు సిఫారసు చేసేటోడు లేడు అన్నరు. లేడు, ఒప్పుకుంట. సదువంత ఉర్దూల, పుట్టినకాడి సంది ఉర్దూ మాట్లాడే పిల్లల ముందల మనది ఏం నిలుస్తది అన్నరు. గది మాత్రం మీ నోట రావద్దుండె. దానితోని అలిఫ్ బే పలక మీద దిద్దిచ్చింది ఎవరు? ఈ అరుగు మీద ఒళ్లె కూసోవెట్టుకొని మీరే గద!

గివన్ని మీకంటె ముందు అదే లెక్కవెట్టుకున్నది. ఇంటర్ పాసై ఇంటికొచ్చిన నాడే అడిగిన, "బిడ్డా, నిజం చెప్పు, వస్తదా?" అని. అది నన్ను మురిపియ్యలె, ఏడిపియ్యలె.

"అమ్మా, చెట్లు, జంతువుల సదువుల నాకు మంచి మార్కులు వచ్చినయి. లెక్క కలిసే కాడ తక్కువొచ్చినయి. ఉర్దూ రాసుడుకు భయం లేదు, మాట్లాడేటప్పుడు జర తడవడుత. ములాఖాతు నాడు సాబులు ముందట కూసోవెట్టి అడుగుతరు, ఆ పొద్దు తడవడకుంటె సాలు. వస్తె పట్టీల ఆఖరు పేరు నాదైతది. రాకుంటె నా మీది పిల్ల కాడ ఆగిపోతది."

"మరి ఆగిపోతె?"

"నాకంటె మంచిగ చదివిన పిల్ల డాక్టరైతది. దానికి నేను ఏడువ. పోకుంట ఇంట్ల ఉంటె మాత్రం ఏడుస్త."

అంచనా అంటె గదీ. తన బలమెంతో, తన కొదువ ఏందో మొఖం తిప్పుకోకుంట చెప్పింది. మీరు కూడ ఆ నాలుగు మాటలతోని ఆపి, "కష్టమే గని పోయి చూడుండ్రి" అని రాసి ఉంటె నేను ఇక్కడి నుంచే మీ కాళ్లకు మొక్కుదును. ఆగిన్రా మీరు? ఆఖరుకు జోషిని తెచ్చిన్రు.

మీరు రాసిన మాటలే మీకు మల్ల రాస్తున్న, మీ కండ్లతోని ఒకసారి చూసుకోండ్రి. "ఇక్కడ పేరువడ్డ జోషికి సీత సర్టిఫికేట్ల ఉన్న పుట్టిన తారీఖు, ఖుర్దాద్ ఒకటి, ఇచ్చి జాతకం ఏపిచ్చిన. విద్యాస్థానంల శని కూసున్నడట. ఈ యేడే గాదు, ఎన్నడూ పెద్ద సదువు లేదట. అందుకె ములాఖాతు కాయితం మీద దస్కత్ చెయ్యకుంట వాపసు పంపుతున్న. నలుగుర్ల నవ్వులపాలు గావద్దు."

ఖుర్దాద్ అంటె ఎండలు మండే నెల. మీ బిడ్డ ఎండకాలంల పుట్టిందా? అయ్యో దేవుడా! కందుకూర్ల మా అమ్మ వాకిట్ల ఆడోళ్లంత బతుకమ్మ చుట్టు తిరుగుతుంటె నాకు నొప్పులొచ్చినయి. మంత్రసాని తంగేడు పువ్వు చేతిల ఉండంగనే ఉరికొచ్చింది. దసరా సెలవులకు మీరొచ్చి ఎత్తుకున్నరు. జమ్మి ఆకు దాని గుప్పిట్ల వెట్టి, "బంగారం పట్టుకున్నది చూడు" అని మురిసిన్రు. గది మీకు యాది లేదు, సర్టిఫికేట్ యాదికున్నది!

ఆ ఖుర్దాద్ ఒకటి ఎక్కడిదో కూడ చెప్త. బడిల చేర్పిచ్చిన నాడు మౌల్వీ సాబు తారీఖు అడిగితె మీరు అటు ఇటు చూసిన్రు. ఆయన "ఫికర్ లేదు" అని అందరి పిల్లలకు రాసినట్టె ఖుర్దాద్ ఒకటి రాసుకున్నడు. ఆ యేడు ఈ బడిల చేరిన పిల్లలంత ఒక్క దినమే పుట్టిన్రు. మన పక్కింటి సక్కుబాయి కొడుకు శ్రీపాల్‌ది కూడ గదే తారీఖు, గదే యేడు. ఆ పిల్లగాడు మొన్ననే ఇంజనీరింగు సదువుకు సీటు తెచ్చుకున్నడు. సక్కుబాయి ఊరంత బెల్లం పంచింది. మరి వాని విద్యాస్థానంల శని కూసోలేదా? వాళ్ల గడప దాటి మన ఇంట్లకే వచ్చిండా?

ఉత్తరం ఇన్న అత్త ఏమన్నదో ఎరుకేనా? "బతుకమ్మల పుట్టిన పిల్లను నా కొడుకు ఎండకాలంల పుట్టిచ్చిండు. వీనికి కచేరీల జీతమెట్ల ఇస్తున్నరే?" అన్నది.

ఇప్పుడు మీరు ఏం రాస్తరో నాకు తెల్సు. "అట్లైతె సరైన తారీఖు, సరైన గడియ రాసి పంపు, మల్ల చూపిస్త" అంటరు. నాకు తారీఖు తెల్సు, గడియ తెల్సు. పంపను.

మీకు భయమని కూడ నాకు తెల్సు. మీరు వకాలత్ పరీక్షకు పుస్తకాలు తెచ్చుకున్నప్పుడు మీ నాయన జాతకం చూపిచ్చి ఒద్దన్నడు. మీరు పోలె. పోయి తప్పి ఉంటె ఆ దుఃఖం ఏడాదికో రెండేండ్లకో సల్లారేది. పోకపోయిన దుఃఖం ఇప్పటికి మీ ఎన్కనే తిరుగుతున్నది. ఇంటికొచ్చినప్పుడల్ల ఏ వకీలు కచేరీల ఏం తప్పు మాట్లాడిండో, మీరైతె ఎట్ల మాట్లాడెటోళ్లో చెప్తరు. నేను బియ్యం ఏరుకుంట వింట. అదే దుఃఖాన్ని ఇప్పుడు బిడ్డ చేతిల పెడ్తరా? ఎట్ల మనసొప్పింది మీకు?

ఇగ ఒక సంగతి. ఇది రాయొద్దనుకున్న. మా అమ్మ నాతోని ఒట్టు ఏపిచ్చుకున్నది. అమ్మ పోయింది. మీరు జోషిని తేకుంటె ఈ మాట నాతోనే పోయేది.

మన పెండ్లికి జాతకాలు చూసిన్రు గద. జాతకం కలవకుంటె పిల్ల ఒద్దని మీ నాయన పట్టువట్టిండు. మస్తుగ కలిసింది, ఇసొంటి జోడీ సూడలేదని మీ దిక్కు జాతకాలు చూసే అయ్యగారు మెచ్చుకున్నడు. ఆ జాతకం నాది గాదు.

నేను పుట్టింది పట్నంల మూసీ తుగ్యానీ వచ్చిన దినం. నది పొంగి ఇండ్లు, మనుషులు కొట్టుకపోయిన దినం, ఎవ్వరూ మర్సిపోని దినం. ఆ వానకు కందుకూర్ల మా ఎన్క గోడ కూలుతుంటె మా అమ్మ నన్ను కన్నదట. ఆ దినం పట్టుకొని మా ఊరి అయ్యగారు చూస్తె మీకూ నాకూ పడనే పడలె. "ఈ పిల్లను చేసుకుంటె పిల్లగాడు మూడేండ్లకు మించి బతుకడు" అన్నడు. మా నాయనకు మీ సంబంధం మీద పానం. అయ్యగారి కాళ్లు వట్టుకున్నడు. ఆయన మీ జాతకం ముందట వెట్టుకొని, దానికి తగ్గట్టు నన్ను ఇంకో యేడు, ఇంకో నెలల పుట్టిచ్చిండు. పీటల మీద కూసునే ముందర మా అమ్మ చెవుల చెప్పింది, "ఎవరడిగినా ఉత్తర నక్షత్రం అను. తుగ్యానీ మాట ఎత్తకు." అప్పటి సంది ఎత్తలె.

ఆ మూడేండ్లు నేను ఎట్ల బతికిన్నో మీకు తెల్వదు. మీకు దగ్గొస్తె నాకు నిద్ర లేదు. మీరు కచేరీ పని మీద ఊర్లకు దౌరా పోతె, మల్ల వాకిట్ల మీ చెప్పుల సప్పుడు ఇనేదాక బువ్వ దిగకపోయేది. సీత కడుపుల ఉన్నప్పుడు మూడేండ్లు దాటినయి. ఆ పొద్దు మీకిష్టమని గారెలు చేసిన. "ఏం పండుగనే?" అని అడిగిన్రు. "ఊకనె" అన్న. మీరు కడుపునిండ తిని గుర్రువెట్టి పండుకున్నరు. నేను మీ గుర్రు ఇనుకుంట ఏడ్సిన. జాతకాల మీద నా నమ్మకం ఆ పొద్దే పోయింది.

అత్తకు నిన్న చెప్పిన. కొడుకు పానం సంగతి గద, చీపురు తిరగేస్తదని గోడకు జరిగి కూసున్న. అత్త మోకాళ్లకు ఆముదం రాసుకునుడు ఆపింది.

"మరి నా కొడుకు బతికే ఉన్నడు గద?"

"ఉన్నడు."

"అట్లైతె పిల్లను పట్నం తోలు."

మీరు వాపసు పంపిన ములాఖాతు కాయితం నా కాడ ఉన్నది. దాని అడుగున రెండు జాగలు ఉన్నయని సీత చదివి చెప్పింది. పైన, తండ్రి దస్కత్. దాని కింద, తండ్రి గుజరిపోయి, అంటె కాలం చేసి ఉంటె, తల్లి దస్కత్. జోషుల మాట నిజమైతె మీరు పోయి ఇరవై యేండ్లు కావస్తున్నది. తూ, నా నోరు పడ! అయినా రాస్తున్న. నొసటి మీద ఇంత కుంకుమ బొట్టు పెట్టుకొని, ఆ కింది జాగల నేను దస్కత్ చేసిన. అక్షరం వంకరవోయింది, గని చేసిన.

వచ్చే సోమారం పొద్దుగాల ములాఖాతు. నేను, సీత ఆయితారమే బస్సుకు పట్నం పోతున్నం. సోమారం నాందేడు బండి వచ్చే యాలకు కాచిగూడ టేషన్ల కాయితం పట్టుకొని నిలవడ్త. సీటు వస్తదో రాదో నాకు తెల్వదు, దానికీ తెల్వదు. మీరు బతికి ఉన్నరని మాత్రం నాకు తెల్సు. కాలేజోళ్లకు తెల్వాలంటె మీరే దిగిరావాలె, నా దస్కత్ కొట్టేసి పైన మీది చెయ్యాలె. మీరు దిగకుంటె కింది దస్కత్ తోనే నా బిడ్డను లోపలికి తోల్త.

ఇట్లు,
మూసీ తుగ్యానీ దినం పుట్టిన
మీ భార్య
అనంతమ్మ