తమ్ముడి విస్తరి

తమ్ముడు బుచ్చిరాములుకు,

బల్కంపేట నుంచి నీ అక్క చెబుతుంటే పక్కింటి షహజాది రాస్తున్నది. 'ఎమ్మెల్యే గారికి' అని మొదలుపెడదామంది. వద్దన్నాను. చేతిరాత ఆమెది, కోపం నాది.

మొన్న నా ఒడిబియ్యానికి నువ్వు రాలేదు. పంజాగుట్టలో మీటింగు ఉందని నీ పీఏ రాకేశ్‌ను పంపావు. అక్కడి నుంచి మా ఇంటికి నడిచినా రావచ్చు. వ్యవసాయం చేసినన్నాళ్లు నీ మడిలో పండిన బియ్యం బస్సులో మోసుకొచ్చి నా ఒడిలో పోశావు. ఈసారి అమీర్‌పేట దుకాణంలో కొన్న సంచి వచ్చింది.

రాకేశ్ సంచి దించి వెళ్లబోయాడు. పీట మీద కూర్చున్న నేను లేవలేదు.

"పుట్టింటోళ్లు పోస్తేనే లేస్త. నువ్వే పొయ్యి బిడ్డా" అన్నాను.

"నేను సార్ పీఏనమ్మా!"

"గిప్పుడు నా తమ్మునివి. జర జల్ది పొయ్యి, మోకాళ్లు గుంజుతున్నయి."

దోసిళ్లతో పోశాడు. కాళ్లు మొక్కి, "పోయొస్త అక్కా" అన్నాడు.

ఒడిలో పోసినవాడే తమ్ముడు. అది మన ఇంటి పద్ధతే, నీకు తెలుసు. పోనీ నా ఓటైనా నీ నియోజకవర్గంలో లేదు. కాబట్టి ఇప్పుడు నేను నీకు ఏమీ కాను.

ఆదివారం ఆ బియ్యం వండి చుట్టాలకు పెడుతున్నాను. తమ్ముడికని ఒక్కటే విస్తరి వేస్తాను. రాకేశ్ పన్నెండుకల్లా వస్తానన్నాడు. నువ్వు అంతకంటే ముందొస్తే కూర్చో. లేదంటే ఆ పూట వాడికి సెలవియ్యి.

నీ అక్క వేలిముద్ర